చప్పుళ్ళ పుస్తకం: మిసోఫోనియాతో నా అనుభవం

మా నాన్నగారు మునక్కాడ ముక్కను తినే తీరు కళ్ళు మూసుకున్నా నాకు కనబడుతుంది. పులుసులోంచి ముక్కను రెండు వేళ్ళతో తీసి, బొటనవేలి గోటితో నిలువునా చీల్చి, ఒక సగాన్ని ముందరి పళ్ళ మధ్య పెట్టుకుని మెల్లగా లాగుతారు. గుజ్జంతా దిగాక, మిగిలిన పీచును మరొకసారి నమిలి, అందులోని పులుసును చీకి, పిప్పిని కంచం అంచున ఒక పక్కగా పేరుస్తారు. అందులో తప్పేమీ లేదు, మునక్కాడను ఎవరైనా అలాగే తింటారు. కాని ఆ చీకే చప్పుడు చెవిన పడిన క్షణంలో నా దవడ బిగుసుకుపోతుంది, చెవుల వెనక వేడి పుడుతుంది, అరచేతులు చెమర్చుతాయి, నాకు ఈ లోకంలో అందరికంటె ఇష్టమైన ఆ మనిషి మీద, ఆలోచనకు కూడా వ్యవధి ఇవ్వకుండా, కోపం వస్తుంది. ఇది నాకు పన్నెండేళ్ళ వయసు నుంచి ఉంది. దీనికి మిసోఫోనియా అనే పేరు ఉందని ముప్ఫై ఎనిమిదో ఏట తెలిసింది.

తెనాలిలో మా ఇంట్లో రాత్రి భోజనాలు అందరం నేల మీద వరుసగా కూర్చుని చేసేవాళ్ళం. ఏడో తరగతిలో ఉండగా ఒక రాత్రి నాన్నగారు చారన్నం జుర్రుకుంటుంటే నేను కంచం వదిలేసి లేచి వెళ్ళిపోయాను. ఎందుకు లేచానో నాకే తెలియలేదు. అమ్మ వచ్చి, అన్నం ముందు కూర్చుని కోపం తెచ్చుకుంటే లక్ష్మి నిలవదని చెప్పి, చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి లేవకుండా ఓర్చుకోవడం నేర్చుకున్నాను. నాన్నగారు మాట్లాడుతున్నంతసేపూ బాగానే ఉండేది కాబట్టి, ఆయన నోట్లో ముద్ద పెట్టుకోబోతున్నారనగా ఏదో ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను. నన్ను అందరూ కబుర్లపోగు అనేవారు.

పెళ్ళయి విజయవాడ వచ్చాక బంతి భోజనాలంటే భయం పట్టుకుంది. విస్తరికి విస్తరికి మధ్య జానెడు దూరం కూడా ఉండదు, రెండు పక్కలా పప్పుచారు జుర్రడం, అప్పడాలు కరకరలాడించడం, వేళ్ళు నాకడం సాగుతూనే ఉంటాయి. వడ్డనకు నిలబడితే ఆ బాధ తప్పుతుందని ప్రతి శుభకార్యంలోనూ వడ్డన గరిటె నేనే తీసుకునేదాన్ని. ఆఖరి బంతిలో కూడా కూర్చోకుండా ఇంటికి వచ్చేస్తుంటే, అది పొగరని అత్తవారి వైపు చుట్టాలు చాలాకాలం అనుకున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను, నేను చెప్పింది ఏదైనా ఉంటే కదా వాళ్ళకు తెలిసేది.

నన్ను డాక్టరు దగ్గరికి పంపించింది మాత్రం భోజనం కాదు, పరీక్ష హాలు. నేను ఒక జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతాను. 2023 మార్చిలో ఇంటర్మీడియట్ పరీక్షలకు ఇన్విజిలేషన్ చేస్తున్నప్పుడు, మూడు గంటల నిశ్శబ్దంలో, రెండో వరుసలో ఒక అబ్బాయి ఆలోచిస్తూ పెన్ను మీట నొక్కుతూ వదులుతూ ఉన్నాడు. టిక్కు, టక్కు, కొంచెం ఆగి మళ్ళీ టిక్కు. ఆ ఆగడమే భరించరానిది, ఎందుకంటే తరువాతి టిక్కు కోసం నా ఒళ్ళంతా ఎదురుచూస్తూ ఉండేది. పది నిమిషాల తరువాత నేను వెళ్ళి అతని చేతిలోంచి పెన్ను లాక్కున్నాను. అతను భయపడిపోయి నా మొహంలోకి చూశాడు. వెంటనే పెన్ను తిరిగి ఇచ్చి క్షమించమన్నాను కాని, పరీక్ష రాస్తున్న పిల్లవాడి ధ్యాస చెడగొట్టానన్న బాధ నన్ను వదలలేదు.

మొదట చూపించుకున్న చెవి, ముక్కు, గొంతు వైద్యులు చెవిలోకి చూసి, అంతా శుభ్రంగా ఉందని, ఇలాంటివి పట్టించుకోకపోతే అవే పోతాయని చెప్పి పంపించారు. పట్టించుకోకుండా ఉండడమే చేతకాక ఇక్కడికి వచ్చానని నేను చెప్పలేకపోయాను. ఆ రోజు ఇంటికి వచ్చాక, ఇది జబ్బు కాదు, నా బుద్ధే చెడ్డది అన్న పాత అనుమానం మరింత గట్టిపడింది. ఈ బాధ ఉన్నవారిలో చాలామంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోయి ఉంటారని నాకు అనిపిస్తుంది.

ఆగస్టులో మరొకచోట వినికిడి పరీక్ష చేయించుకున్నాను. చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, 250 హెర్ట్జ్ నుంచి 8000 హెర్ట్జ్ వరకు ఒక్కొక్క స్వరాన్నీ అతి సన్నగా వినిపిస్తూ, వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. పెద్దవాళ్ళలో 25 డెసిబెల్స్ లోపు వినబడితే మామూలే, నాకు 15 లోపే వినబడుతోంది. తరువాత శబ్దాన్ని పెంచుకుంటూ పోయి, ఇక భరించలేననే చోట చెయ్యెత్తమన్నారు. నేను 95 డెసిబెల్స్ దాకా ఎత్తలేదు. అప్పుడు ఆ ఆడియాలజిస్టు, నాకంటె చాలా చిన్నమ్మాయి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, “మేడమ్, చప్పుడు పెద్దదైతే మీకు బాధా, ఫలానా చప్పుడైతే బాధా?” అని అడిగింది. అంతవరకు ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పెద్ద శబ్దాలన్నీ భరించలేకపోవడం హైపరెక్యూసిస్ అనీ, నాది అది కాదనీ ఆమె వివరించింది. చప్పుడు ఎంత పెద్దదన్నదానితో నిమిత్తం లేకుండా, కొన్ని ప్రత్యేకమైన చప్పుళ్ళకు మాత్రమే కోపం, జుగుప్స, పారిపోవాలన్న తొందర కలగడాన్ని మిసోఫోనియా అంటారు. గ్రీకులో ద్వేషం అనే మాటనూ, ధ్వని అనే మాటనూ కలిపి, అమెరికాలో పనిచేసే మార్గరెట్, పావెల్ జాస్ట్రెబాఫ్ దంపతులు 2001లో ఈ పేరు పెట్టారు. 2013లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు 42 మంది రోగులను పరిశీలించి దీని లక్షణాలను క్రోడీకరించారు, 2022లో నిపుణుల బృందం ఒకటి ఉమ్మడి నిర్వచనాన్ని ప్రచురించింది. అయినా మనోవైద్యులు వాడే రుగ్మతల జాబితా డిఎస్ఎం-5 లోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల జాబితా ఐసిడి-11 లోనూ దీనికి విడిగా చోటు లేదు. ఆమె నన్ను ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపింది. ఆవిడ హైదరాబాదులో ఉంటారు, వారానికొకసారి వీడియోలో మాట్లాడేవాళ్ళం.

ఆవిడ మొదట చేయించిన పని చప్పుళ్ళ పట్టిక రాయించడం. రెండు వందల పేజీల రూళ్ళ నోటుపుస్తకం తీసుకుని, ప్రయోగశాల రికార్డులో పరిశీలనలు రాయించినట్లే గడులు గీసుకున్నాను: వేళ, చప్పుడు, ఎవరిది, ఎంత దూరం, ఒంట్లో ఏమైంది, సున్నా నుంచి పది లోపు ఎంత, నేనేం చేశాను. ఆరు వారాలు రాశాను. చికిత్స మొత్తంలో నాకు అన్నిటికంటె ఎక్కువ మేలు చేసింది ఈ పుస్తకమేనని ఇప్పటికీ నమ్ముతాను.

“నోటి చప్పుడు” అని రాస్తే చాలదని మొదటి వారమే తెలిసింది. నమలడం వేరు, చప్పరించడం వేరు, చీకడం వేరు, జుర్రడం వేరు, కొరకడం వేరు, గుటక వేయడం వేరు. తెలుగులో ఒక్కొక్క చప్పుడుకు ఒక్కొక్క మాట ఉండడం ఈ పనిలో నాకు ఎంతో సాయపడింది. నా పట్టికలో సగానికి పైగా నోటివే వచ్చాయి, కాని అందులోనూ తేడాలున్నాయి. పెదవులు మూసుకుని మెత్తగా నమిలితే 3, నోరు తెరిచి నమిలితే 7. వేడి టీని జుర్రితే 8. వేసవిలో నూజివీడు రసాన్ని పిసికి, ముచిక కొరికి, టెంక దాకా చీకితే 9, మునక్కాడకు కూడా 9. చేగోడీలు, అప్పడాలు కరకరలాడితే 5 దాటలేదు. పొడిగా ఉన్న చప్పుడు కంటె తడిగా ఉన్న చప్పుడే నన్ను ఎక్కువ బాధిస్తుందని పుస్తకం చూశాకే నాకు తెలిసింది.

తరువాత ముక్కు, గొంతు. స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీలో కూర్చునే భౌతికశాస్త్రం అధ్యాపకులకు అలర్జీ ఉంది. చీదకుండా, అర నిమిషానికొకసారి ముక్కు ఎగబీలుస్తారు. పాఠం మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకోవడం నాకేమీ చేయదు కాని, మాటిమాటికీ సకిలించడం చేస్తుంది. పొద్దున్నే పక్కవాటాలో నాలుక గీసుకుంటూ ఖాండ్రించడం వినబడితే ఆ రోజంతా మనసు చికాకుగానే ఉంటుంది. చేతులతో చేసే చప్పుళ్ళలో పెన్ను మీట, కంప్యూటరు కీబోర్డును గట్టిగా కొట్టడం, స్టీలు కంచాన్ని చెంచాతో గీకడం, అన్నిటినీ మించి గోళ్ళు తీసుకునే చప్పుడు.

చప్పుడే లేనివి కూడా పట్టికలోకి వచ్చాయి. ఎదురుగా ఎవరైనా కాలు మీద కాలు వేసుకుని పాదం ఊపుతుంటే నా చూపు అక్కడే చిక్కుకుపోయి, అదే కోపం వస్తుంది. కాళ్ళు ఊపకూడదని మా నాయనమ్మ కసిరేది శకునం కోసం, నేను పళ్ళు బిగబట్టేది వేరే కారణానికి. దీన్ని మిసోకినీసియా అంటారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో 4,100 మందికి పైగా ప్రశ్నించి చూస్తే, సుమారు మూడోవంతు మంది ఇతరుల ఇలాంటి కదలికలు తమను ఎంతో కొంత బాధిస్తాయని చెప్పారు. అద్దం తలుపుకు అవతల ఎవరో నములుతుంటే, వినబడకపోయినా, ఆ దవడ కదలికకే నేను 5 వేశాను. ఇంకా ముందు నుంచే మొదలైన రోజులూ ఉన్నాయి: మా వారు రైతుబజారు నుంచి తెచ్చిన సంచీలోంచి మునక్కాడలు బయటికి కనబడగానే, ఇంకా పొయ్యి కూడా వెలిగించకముందే, 4.

సున్నా వేసినవి చూస్తే నాకే ఆశ్చర్యం కలిగింది. కుక్కరు కూత, మిక్సీ రొద, బెంజి సర్కిల్ దగ్గర హారన్లు, దసరా నవరాత్రుల మైకులు, ఇవేవీ నన్ను కదిలించవు. మా చెల్లెలి ఏడాదిన్నర పాప జావ జుర్రుతుంటే సున్నా. తెనాలిలో పక్కింటి గేదె నా కిటికీ కిందే గంటసేపు నెమరు వేస్తే సున్నా. నేను తినే చప్పుడు కూడా సున్నానే. అదే టీ జుర్రడం, హోటల్లో ముక్కూమొహం తెలియని మనిషి చేస్తే 4, మా వారు చేస్తే 7, నాన్నగారు చేస్తే 8. నిద్ర చాలని రోజుల్లో, పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో, ప్రతి అంకే ఒకటి రెండు పెరిగింది. దగ్గరివాళ్ళ చప్పుళ్ళే ఎక్కువ బాధించడం ఈ సమస్య ఉన్నవారిలో మామూలేనని సైకాలజిస్టు చెప్పేదాకా, నాన్నగారి మీద నాకు లోలోపల ఏదో ద్వేషం ఉందేమోనని పాతికేళ్ళు భయపడ్డాను.

నాలుగో వారంలో ఆవిడ ఒక చప్పుడు వినిపించి అంకె వేయమన్నారు. తెరమీద దమ్ము చేసిన పొలంలో, మోకాలి లోతు బురదలో, ఎవరో కాళ్ళు తీసి వేస్తున్న దృశ్యం ఉంది. నాకు తెనాలి చుట్టుపక్కల నాట్ల రోజులు గుర్తొచ్చి 2 వేశాను. తరువాత అదే చప్పుడును, పండు జుర్రుతున్న మనిషి నోటి దృశ్యంతో వినిపించారు. 8 వేశాను, కుర్చీలోంచి సగం లేచాను కూడా. రెండిటికీ వాడింది ఒకే రికార్డింగు అని చెబితే నమ్మలేక రెండుసార్లు మళ్ళీ వేయించుకుని విన్నాను. గాలిలో వచ్చే చప్పుడు ఒకటే, అది మనిషి నోటిదని మెదడు నిర్ణయించుకున్నాకే మంట రేగుతోంది.

ఎందుకలా జరుగుతుందన్నదానికి ఆవిడ చెప్పిన సంగతులు నన్ను చాలా తేలికపరిచాయి. బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో సుఖ్‌బిందర్ కుమార్ బృందం 2017లో ఇలాంటివారి మెదడును స్కాన్ చేసి చూసినప్పుడు, ఏ అనుభూతికి ఎంత ప్రాముఖ్యం ఇవ్వాలో తూచే ఇన్సులా అనే భాగం ముందువైపు, ఈ చప్పుళ్ళకు మామూలును మించి స్పందించింది. గుండె వేగమూ చర్మపు చెమటా కూడా పెరిగాయి. 2021లో అదే పరిశోధకులు మరొకటి గమనించారు: వినికిడికి సంబంధించిన భాగాలకూ, మన నోటినీ గొంతునూ కదిలించే భాగానికీ మధ్య ఈ మనుషుల్లో అనుబంధం ఎక్కువగా ఉంది. అంటే ఎదుటివాళ్ళు నములుతుంటే, నా నోరు నా ప్రమేయం లేకుండానే వాళ్ళతో కలిసి నమలబోతోందన్నమాట. నాన్నగారు మునక్కాడ చీకినప్పుడు నా దవడే ఎందుకు బిగుసుకుంటుందో అప్పుడు అర్థమైంది. బ్రిటన్‌లోనే 2023లో ప్రచురించిన ఒక సర్వేలో, ఈ చప్పుళ్ళతో చెప్పుకోదగినంత ఇబ్బంది పడేవారు నూటికి సుమారు 18 మంది అని తేలింది. నేనొక్కదాన్నే కాదని తెలియడం ఎంత ఊరటో రాసి చెప్పడం కష్టం.

ఇక అలవాట్లు మార్చుకునే పని. చెవుల్లో దూది, ఇయర్‌ప్లగ్గులు ఇంట్లో మానేయమన్నారు. రోజంతా నిశ్శబ్దంలో ఉంటే చిన్న చప్పుడు కూడా మరింత పెద్దదిగా తోస్తుందట. బదులుగా భోజనాల వేళ ఫ్యాను తిప్పి, రేడియో సన్నగా పెట్టమన్నారు. చూపునూ వినికిడినీ ఒక పని మీది నుంచి మరొక పని మీదికి కావాలని మళ్ళించే సాధన రోజూ పావుగంట చేయాలి. ఊపిరి సాధనల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అవి అందరికీ తెలిసినవే. ఆమ్‌స్టర్‌డామ్ చికిత్సలో వాడే మరో పద్ధతి మాత్రం నా విషయంలో ముఖ్యమైంది: బాధించే చప్పుడును రికార్డు చేసుకుని, దాని వేగాన్నీ స్థాయినీ మన చేత్తో మనమే మార్చి వినడం, దాన్ని ఇష్టమైన దృశ్యాలతో జతచేయడం.

అందుకు నాన్నగారి చప్పుడే కావాలి. అంటే ఆయనకు చెప్పాలి. అమ్మ పోయాక ఆయన మా దగ్గరే ఉంటున్నారు. చెప్పడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. సైకాలజిస్టు సలహా మీద భోజనాల వేళ కాకుండా, సాయంత్రం డాబా మీద, ఇద్దరం మామూలుగా ఉన్నప్పుడు చెప్పాను. తప్పు మీది కాదని ముందే చెప్పి, పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పేజీలు ఒక్కొక్కటిగా తిప్పారు. తన పేరు పక్కన 8, 9 చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “ఇన్నేళ్ళు ఒక్క మాటైనా చెప్పలేదేమమ్మా?” అన్నారు. “కోపమొస్తోందని మీతో ఎలా చెప్పను నాన్నా” అన్నాను. మర్నాటి నుంచి ఆయన వంటింట్లో ఒక్కరే కూర్చుని తినడం మొదలుపెట్టారు. నాకు అది ఆ చప్పుడు కంటె పెద్ద బాధ. మూడో రోజు నేనే వెళ్ళి, మీరు వేరే తింటే ఈ చికిత్స ముందుకు సాగదని చెప్పి పిలుచుకొచ్చాను.

ఆ ఆదివారం మునక్కాడల పులుసు పెట్టి, ఫోను కంచం పక్కన ఉంచి, ఆయన తింటుంటే రికార్డు చేశాను. నేను పక్కగదిలో నిలబడ్డాను. నాలుగు నిమిషాల ఆ రికార్డింగును రెండు నెలల పాటు ముక్కలు చేశాను: సగం వేగంతో విన్నాను, మంద్రంగా మార్చి విన్నాను, బురదలో అడుగుల దృశ్యం పెట్టి విన్నాను, అమ్మ పులుసు కలుపుతున్న రోజులు తలుచుకుంటూ విన్నాను. ఆపడం, నడపడం నా వేలి కింద ఉన్నప్పుడు అదే చప్పుడుకు 9 కాస్తా 6 అయింది. మొదటి మూడు వారాలు మాత్రం ఏ మార్పూ లేక, వదిలేద్దామని రెండుసార్లు అనుకున్నాను.

కళాశాలలో ప్రిన్సిపాల్‌కు విషయం చెప్పి, స్టాఫ్‌రూమ్‌లో ఫ్యాను కింద, తలుపు వైపు కుర్చీ తీసుకున్నాను. పెన్ను మీట ఇప్పుడు 3, ముక్కు ఎగబీల్చడం 5. గోళ్ళు తీసుకునే చప్పుడు మాత్రం ఇప్పటికీ 8 దగ్గరే ఉంది, ఇంట్లోవాళ్ళు అందుకోసం డాబా మీదికి వెళతారు. నిద్ర లేని రోజున మునక్కాడ మళ్ళీ 7కు వెళుతుంది, ఆ రోజు లేచి వెళ్ళే స్వేచ్ఛ నాకుంది, నేను లేస్తే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

మొన్న ఆదివారం నాన్నగారు కంచం ముందు కూర్చుని, రేడియో తానే పెట్టి, పులుసులోంచి మొదటి ముక్క తీసి చీల్చారు. సగం ముక్క తిన్నాక నా వైపు తిరిగి, “ఇవాళ ఎంతమ్మా?” అని అడిగారు. అయిదని చెప్పాను. సరేనని తలూపి, రెండో సగం అందుకున్నారు.